దేశదిమ్మరి బతుకులో డబ్బు నిలవాలంటే: విదేశీ క్లయింట్లకి పనిచేసే తెలుగువాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

ల్యాప్‌టాప్ పట్టుకుని ఊళ్లు తిరుగుతూ పనిచేసేవాళ్లని డబ్బు రాని నెలలు ముంచుతాయని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో వాళ్లని ముంచేవి బాగా వచ్చిన నెలలే. ఒకే నెలలో మూడు లక్షలు పడతాయి. గోవాలో మంచి విల్లా, కొత్త ఫోను, ఇంటికి ఫ్రిజ్, స్నేహితుడికి చేబదులు, అన్నీ ఆ నెలలోనే అయిపోతాయి. రెండు నెలల తర్వాత క్లయింట్ "బడ్జెట్ ఆగింది" అని ఒక మెయిల్ పెడతాడు. అప్పుడు చూసుకుంటే ఖాతాలో పద్దెనిమిది వేలుంటాయి, క్రెడిట్ కార్డు బిల్లు తొంభై వేలుంటుంది. ఏడాది మొత్తం సంపాదన తీసుకుంటే ఆ మనిషి బెంగళూరులో ఉద్యోగం చేసే తోటివాడి కంటే ఎక్కువే సంపాదించి ఉంటాడు.

అందుకే ఈ వ్యాసంలో చవకగా ఎలా తిరగాలో చెప్పబోవడం లేదు. భారతీయ పాస్‌పోర్టు, ఇక్కడి బ్యాంకు ఖాతా ఉండి, అమెరికా, యూరప్ క్లయింట్లకి పనిచేస్తూ, కొన్నాళ్లు ఇక్కడ కొన్నాళ్లు థాయ్‌లాండ్‌లోనో మలేషియాలోనో గడిపేవాళ్లు పదేళ్ల తర్వాత కూడా నిలబడి ఉండాలంటే ఏం చేయాలో వరసగా చెబుతాను. పన్ను అంకెలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే ఆదాయపు పన్ను చట్టం, 2025లో సెక్షన్ల నంబర్లు మారాయి. అయినా సీఏల నోట్లో పాత నంబర్లే నానుతున్నాయి కాబట్టి ఇక్కడా అవే వాడాను.

మొదటి మెట్టు: మీకు మీరే జీతం ఇచ్చుకోండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మిగతావన్నీ దీనిమీదే నిలబడతాయి.

లెక్క కోసం ఒక సాఫ్ట్‌వేర్ డెవలపర్‌ని తీసుకుందాం. ఊరు తెనాలి, క్లయింట్లు ముగ్గురు. ఏడాదికి 18 లక్షలు వస్తాయి, అంటే నెలకి సగటున లక్షన్నర. కానీ ఆ లక్షన్నర ఏ నెలలోనూ సరిగ్గా లక్షన్నరగా రాదు. ఒక నెల 3 లక్షల 20 వేలు, ఒక నెల 60 వేలు, పేమెంట్ ఆలస్యమైన ఒక నెల సున్నా. వచ్చినప్పుడు వచ్చినట్టు ఖర్చుపెడితే ఈ ఎగుడుదిగుళ్లు నేరుగా బతుకులోకి వచ్చేస్తాయి.

దీనికి మూడు ఖాతాలు కావాలి.

మొదటిది వసూళ్ల ఖాతా. క్లయింట్ల నుంచి వచ్చే ప్రతి రూపాయీ ఇందులోనే పడాలి. దీనికి డెబిట్ కార్డు ఉన్నా పర్సులో పెట్టుకోవద్దు, యూపీఐకి అసలు కలపొద్దు. మూడు లక్షలు ఖాతాలో ఉన్నాయని ఫోన్ తెరిచినప్పుడల్లా కనిపిస్తుంటే ఎవరి చెయ్యీ ఆగదు.

రెండోది పన్ను ఖాతా. వసూళ్ల ఖాతాలో డబ్బు పడిన రోజే అందులో పది శాతం ఇక్కడికి మళ్లించండి. ఏడాదికి పాతిక లక్షలు దాటి సంపాదిస్తుంటే పదిహేను శాతం చేసుకోండి. సీఏ ఫీజు, సాఫ్ట్‌వేర్ చందాలు, మూడు నాలుగేళ్లకోసారి మార్చాల్సిన ల్యాప్‌టాప్ కూడా దీన్నుంచే.

మూడోది ఇంటి ఖర్చు ఖాతా. ప్రతినెలా ఒకటో తారీఖున వసూళ్ల ఖాతా నుంచి దీనికి ఒకే మొత్తం వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. అదే మీ జీతం. యూపీఐ, అద్దె, టికెట్లు, అమ్మకి పంపే డబ్బు, అన్నీ ఈ జీతంలోంచే నడవాలి.

జీతం ఎంత ఉండాలి? గత 12 నెలల సగటులో 60 శాతం దగ్గర మొదలుపెట్టండి. మన తెనాలి డెవలపర్‌కి అది 90 వేలు. ఏడాదికి జీతం 10 లక్షల 80 వేలు, పన్ను ఖాతాకి లక్షా 80 వేలు పోతే, వసూళ్ల ఖాతాలో 5 లక్షల 40 వేలు మిగులుతుంది. ఈ మిగులుతో ముందుగా మూడు నెలల జీతం, అంటే 2 లక్షల 70 వేలు, వసూళ్ల ఖాతాలోనే నిలవ ఉంచండి. సున్నా వచ్చిన నెలలో కూడా ఒకటో తారీఖున 90 వేలు పడేది ఈ నిలవ వల్లే. ఆ గీత దాటిన మిగులుని మాత్రం మూడు నెలలకోసారి పెట్టుబడికి పంపించండి.

మొదలుపెట్టే రోజు నిలవ ఉండదు కదా అంటారు. నిజమే. మొదటి ఆరు నెలలు జీతం 60 వేలకి కుదించుకుని, సొంత ఊళ్లో ఉండి దాన్ని పోగేయడం తేలిక. అమ్మానాన్నల దగ్గర ఉండటం నామోషీ అనుకునేవాళ్లు ఉన్నారు, నాకైతే ఈ పద్ధతిలో బతికేవాళ్లకి అంతకంటే గట్టి ఆస్తి ఇంకొకటి కనిపించదు. అద్దె లేదు, అన్నం బాగుంటుంది, ఏ వీసా గడువూ తరమదు.

జీతం పెంచుకోవాలనిపిస్తే ఏడాదికి ఒక్కసారే, ఏప్రిల్‌లో, గత ఏడాది సగటు చూసి పెంచండి. ఒక పెద్ద ప్రాజెక్ట్ వచ్చిందని మధ్యలో పెంచితే ఈ ఏర్పాటంతా వృథా.

రెండో మెట్టు: డబ్బు దారిలో ఎక్కడ కారిపోతోందో చూడండి

వెయ్యి డాలర్ల ఇన్వాయిస్ రూపాయల్లోకి మారి మీ ఖాతాలో పడేసరికి రెండు చోట్ల కోత పడుతుంది. పని ఇప్పించే వెబ్‌సైట్ తీసుకునే ప్లాట్‌ఫామ్ కమిషన్ ఒకటి. ఫైవర్‌లో అది 20 శాతం. రెండోది మారకం రేటులో దాక్కున్న మార్జిన్. "ఫీజు లేదు" అని రాసిన చోట కూడా మార్కెట్ రేటు కంటే మూడు శాతం తక్కువకి మార్చితే, 18 లక్షల మీద ఏడాదికి 54 వేలు పోయినట్టే. ఒకసారి కూర్చుని, పోయిన నెల పేమెంట్ వచ్చిన రోజు మార్కెట్ రేటు ఎంతో, మీకు ఎంత పడిందో పక్కపక్కన పెట్టి చూడండి. బ్యాంకు నుంచి బ్యాంకుకి నేరుగా డబ్బు పంపే స్విఫ్ట్ ద్వారా, వైజ్ లాంటి సేవల ద్వారా, పేపాల్ ద్వారా వచ్చే మొత్తాలు పోల్చాకే ఏది వాడాలో తేల్చుకోండి. అదే క్లయింట్‌తో నేరుగా ఒప్పందం కుదిరితే కమిషన్ కూడా మిగులుతుంది. అయితే ప్లాట్‌ఫామ్‌లో పరిచయమైన క్లయింట్‌ని నిబంధనలు చూడకుండా బయటికి లాగితే ఖాతా మూసేస్తారు.

ప్రతి పేమెంట్‌కీ విదేశీ చెల్లింపు అందినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం అడిగి తీసుకుని ఒక ఫోల్డర్‌లో పెట్టండి. ఫిరా, ఫిర్క్ అని రెండు పేర్లతోనూ పిలుస్తారు. జీఎస్టీలో ఇది ఎగుమతి అని చూపించాలన్నా, ఆ డబ్బు ఎక్కడిదని ఆదాయపు పన్ను శాఖ అడిగినా, చేతిలో ఉండాల్సింది ఇదే. ఆ డబ్బు దేనికోసం వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ అందులో సరిగా పడిందో లేదో కూడా చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802. బ్యాంకు వాళ్లు ఏదో ఒకటి వేసేసి కుటుంబ ఖర్చులకి వచ్చిన డబ్బుగా చూపిస్తే, రెండేళ్ల తర్వాత వివరణ ఇచ్చుకోవాల్సింది మీరే.

అమెరికా క్లయింట్ డబ్ల్యూ-8బెన్ అనే ఫారం అడుగుతాడు. కంగారు పడొద్దు. మీరు అమెరికా వ్యక్తి కాదని చెప్పే పత్రం అది. సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో క్యాలెండర్ సంవత్సరం చివరిదాకా చెల్లుతుంది.

డాలర్ ఇంకా పెరుగుతుందని డబ్బు మార్చకుండా కూర్చునేవాళ్ల గురించి ఒక మాట. 2025 డిసెంబరులో డాలర్ 90 రూపాయలు దాటింది, ఆగినవాళ్లు సంతోషించారు. కానీ మన దేశ నివాసి ఈఈఎఫ్‌సీ ఖాతాలో, అంటే విదేశీ సంపాదనని అదే కరెన్సీలో ఉంచుకునే బ్యాంకు ఖాతాలో, డాలర్లుగా ఉంచుకున్నా వాటిని వచ్చే నెలాఖరులోగా రూపాయల్లోకి మార్చక తప్పదు, పైగా వడ్డీ రాదు. మీ సంపాదన ఎలాగూ డాలర్లలోనే ఉంది. రూపాయి పడితే వచ్చే లాభం వచ్చే నెల ఇన్వాయిస్‌లో దానంతటదే వస్తుంది. జూదం అక్కర్లేదు.

మూడో మెట్టు: పన్ను

ఫ్రీలాన్సర్లకి పన్ను భయం ఎక్కువ, నిజానికి చాలామందికి పడే పన్ను తక్కువ. దానికి కారణం ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 44ఏడీఏ.

కొన్ని వృత్తుల వాళ్లు ఖర్చుల లెక్కలు చూపించకుండా, వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా ప్రకటించుకోవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. లాయర్లు, డాక్టర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, టెక్నికల్ కన్సల్టెంట్లు, ఇంటీరియర్ డెకరేటర్లు, ఐటీ వృత్తివాళ్లు ఇందులోకి వస్తారు. ఏడాది వసూళ్లు 50 లక్షలు మించకూడదు. నగదుగా వచ్చింది ఐదు శాతం లోపే అయితే ఆ పరిమితి 75 లక్షలు. విదేశీ క్లయింట్లు ఎవరూ నోట్లకట్ట పంపరు కాబట్టి మీకు 75 లక్షలే.

కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయం ఉన్న నివాసికి రిబేట్ (పడిన పన్నుని మాఫీ చేసే తగ్గింపు) వల్ల పన్ను సున్నా. సగం ఆదాయంగా చూపిస్తే 24 లక్షల వసూళ్ల దాకా పన్ను లేనట్టే. మన తెనాలి డెవలపర్‌కి 18 లక్షల మీద లెక్కకొచ్చే ఆదాయం 9 లక్షలు, పన్ను సున్నా. పన్ను ఖాతాలో ఉన్న లక్షా 80 వేలల్లో సీఏ ఫీజు వగైరా పోగా మిగిలింది మార్చి తర్వాత పెట్టుబడికి వెళ్తుంది. 30 లక్షలు సంపాదిస్తే లెక్కకొచ్చేది 15 లక్షలు, పన్ను సెస్సుతో కలిపి లక్షా 9 వేల 200. అయితే షేర్లు, ఫండ్లు అమ్మితే వచ్చే లాభాల్లాంటి ప్రత్యేక రేటు ఆదాయానికి ఈ రిబేట్ వర్తించదు. ఉద్యోగులకిచ్చే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కూడా మీకు రాదు.

కంటెంట్ రాసేవాళ్లు, అనువాదకులు, వీడియో ఎడిటర్లు ఇక్కడ ఆగాలి. మీ పని ఆ జాబితాలోకి వస్తుందా లేదా అన్నది సీఏతో తేల్చుకోకుండా 44ఏడీఏ పెట్టేయొద్దు. యూట్యూబ్‌లో ఎవరో చెప్పారన్నది నోటీసుకి జవాబు అవ్వదు.

అడ్వాన్స్ ట్యాక్స్ సంగతి చాలామంది మర్చిపోతారు. ఏడాది పన్ను పది వేలు, అంతకు మించి ఉంటే ముందే కట్టాలి. 44ఏడీఏ వాళ్లు మార్చి 15 లోగా ఒకేసారి కట్టొచ్చు. మామూలు లెక్కలు రాసేవాళ్లు జూన్ 15కి 15 శాతం, సెప్టెంబరు 15కి 45, డిసెంబరు 15కి 75, మార్చి 15కి మొత్తం కట్టి ఉండాలి. తప్పితే నెలకి ఒక శాతం వడ్డీ. రిటర్న్ దాఖలు చేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి, దానికి చాలామంది వాడేది ఆధార్ ఓటీపీ. బ్యాంకు ఓటీపీలు సరేసరి. కాబట్టి ఆధార్‌కీ బ్యాంకుకీ కలిపిన సిమ్ రీఛార్జ్ అయిపోయి నంబరు పోతే మీ ఆర్థిక జీవితమంతా ఆగిపోతుంది. దేశం దాటే ముందు ఆ నంబరుకి పొడవాటి ప్లాన్ వేసి, విదేశంలో ఓటీపీలు వస్తున్నాయో లేదో చూసుకోండి.

జీఎస్టీ: వసూళ్లు ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు, ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా సేవలకి ఇదే గీత. ఎగుమతి మీద పన్ను లేదు కదా, మాకెందుకు అని వదిలేసేవాళ్లు ఎందరో. ఆ 20 లక్షల లెక్కలో ఎగుమతులు కూడా కలుస్తాయి. రిజిస్టర్ అయ్యాక ప్రతి ఆర్థిక సంవత్సరానికీ ఎల్‌యూటీ అనే హామీపత్రం ఆన్‌లైన్‌లో పెడితే పన్ను కట్టకుండానే విదేశానికి ఇన్వాయిస్ చేయొచ్చు. దాన్ని ఏటా కొత్తగా పెట్టాలి, ఏప్రిల్‌లోనే పెట్టేయండి.

పన్ను తక్కువ పడుతుందని సగం ఆదాయమే చూపించడంలో ఒక మెలిక కూడా ఉంది. రేపు ఇల్లు కొనడానికి లోన్ అడిగితే బ్యాంకు రెండు మూడేళ్ల ఐటీఆర్‌లు (ఆదాయపు పన్ను రిటర్న్‌లు) అడుగుతుంది. చేతికి 24 లక్షలు వచ్చినా రిటర్న్‌లో 12 లక్షలే ఉంటాయి, చాలా బ్యాంకులు దాన్ని బట్టే లోన్ లెక్కగడతాయి. 44ఏడీఏలో 50 శాతం అనేది కనీసం మాత్రమే, నిజంగా ఖర్చులు తక్కువైతే అంతకంటే ఎక్కువ చూపించాలి కూడా. ఇల్లు కొనే ఆలోచన ఉంటే మూడేళ్ల ముందే సీఏకి చెప్పండి.

నాలుగో మెట్టు: ఏ దేశంలో ఎన్ని రోజులు

వీసా ఇచ్చిన దేశం వేరు, పన్ను అడిగే దేశం వేరు. ఈ రెండిటినీ కలిపేసి "డిజిటల్ నోమాడ్ వీసా (బయటి దేశాల క్లయింట్లకి ల్యాప్‌టాప్ మీద పనిచేసేవాళ్లకిచ్చే వీసా) ఉంది కాబట్టి పన్ను లేదు" అనుకోవడం ఈ జీవితంలో అతి ఖరీదైన పొరపాటు.

మన దగ్గర లెక్క రోజుల మీద. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇండియాలో ఉంటే మీరు నివాసి. అది కాకపోయినా, ఆ ఏడాది 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు ఉన్నా నివాసే. ఉద్యోగం కోసం దేశం విడిచివెళ్లిన పౌరులకీ, ఇక్కడికి చూసిపోవడానికి వచ్చే ప్రవాసులకీ ఈ 60 రోజుల విషయంలో సడలింపులున్నాయి, అవి మీకు వర్తిస్తాయా అన్నది ఊహించుకోవద్దు. మామూలు నివాసి అయితే ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ చూపించాలి. నాలుగు నెలలు బయట తిరిగి వచ్చేవాళ్లలో దాదాపు అందరూ నివాసులే.

ఇప్పుడు రెండో వైపు. థాయ్‌లాండ్ 2024 జులైలో డీటీవీ అనే వీసా తెచ్చింది. ఐదేళ్లు చెల్లుతుంది, ఒక్కో రాకకి 180 రోజులు ఉండొచ్చు, ఖాతాలో 5 లక్షల బాత్‌లు చూపించాలి. వినడానికి బాగుంది. కానీ క్యాలెండర్ ఏడాదిలో 180 రోజులు ఉన్నవాళ్లు అక్కడ పన్ను నివాసులవుతారు. 2024 జనవరి 1 నుంచి, విదేశంలో సంపాదించి థాయ్‌లాండ్‌లోకి తెచ్చుకున్న డబ్బు కూడా ఆ పన్ను పరిధిలోకి వచ్చింది. మలేషియా ఇలాంటివాళ్లకే ఇచ్చే డీఈ రంతావ్ పాస్‌కి టెక్ పనివాళ్లు ఏడాదికి 24 వేల డాలర్ల ఆదాయం చూపించాలి, అక్కడ నివాస గీత 182 రోజులు. ఇండోనేషియా రిమోట్ వర్కర్ వీసాకి 60 వేల డాలర్లు.

నా సలహా ఇది: సంపాదన ఏడాదికి 40, 50 లక్షలు దాటేదాకా ఇండియానే మీ పన్ను స్థావరంగా ఉంచుకోండి. ఇక్కడ కనీసం ఆరు నెలలు పైబడి ఉండండి, బయట ఏ ఒక్క దేశంలోనూ అయిదు నెలలు దాటొద్దు. 44ఏడీఏ, రిబేట్ రెండూ దొరికే దేశాన్ని వదులుకుని, ఎక్కడా పన్ను కట్టకూడదని ప్రపంచమంతా తిరగడంలో మిగిలేది టికెట్ల ఖర్చూ టెన్షనూ మాత్రమే. పైగా ఇండియా నుంచి వచ్చే ఆదాయం 15 లక్షలు దాటి, మరే దేశంలోనూ పన్నుకి లోబడని భారత పౌరుణ్ని నివాసిగానే భావిస్తామని మన చట్టం చెబుతోంది. ఇక్కడి నుంచి నియంత్రించే వ్యాపారం మీద వచ్చేది కూడా ఆ లెక్కలో కలుస్తుంది.

ప్రయాణాల తేదీలు ఒక షీట్‌లో రాసుకోండి. పాస్‌పోర్టు ముద్రల్ని నమ్ముకోవద్దు, కొన్ని విమానాశ్రయాల్లో ఈ-గేట్లు ముద్ర వేయవు. బోర్డింగ్ పాస్‌లు దాచుకోండి.

విదేశంలో ఖాతా తెరిస్తే, నివాసిగా ఉన్న ఏడాది రిటర్న్‌లో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్ఏలో చూపించాలి. చూపించకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా దాకా ఉంది. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షల లోపు ఉంటే 2024 అక్టోబరు నుంచి ఈ జరిమానాలో సడలింపు ఇచ్చారు, చూపించే బాధ్యత మాత్రం పోలేదు. ఆ ఏడాది సులువైన ఐటీఆర్-4 కూడా పనికిరాదు, ఐటీఆర్-3 వేయాలి.

అయిదో మెట్టు: కూలిపోకుండా పట్టుకునేవి

వసూళ్ల ఖాతాలోని మూడు నెలల నిలవ పేమెంట్ ఆలస్యాలకి. ఎమర్జెన్సీ ఫండ్ దానికి వేరు. ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు చాలంటారు, మీకు తొమ్మిది నుంచి పన్నెండు నెలలు కావాలి. ఆరోగ్యం చెడినా, ప్రధాన క్లయింట్ పోయినా, నాన్నగారికి ఆపరేషన్ వచ్చినా ఇందులోంచే. సగం స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (పొదుపు ఖాతాకి కలిపి ఉండి, అవసరమైనప్పుడు తీసుకోగలిగే ఎఫ్‌డీ), సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా డబ్బు వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) ఉంచండి. ఒకే బ్యాంకులో అయిదు లక్షలకి మించిన మొత్తానికి డిపాజిట్ బీమా వర్తించదు కాబట్టి రెండు బ్యాంకులు వాడండి. విదేశంలో ఉన్నప్పుడు వెంటనే ఇంటికి రావడానికి టికెట్ డబ్బు ఎప్పుడూ కార్డులో ఖాళీగా ఉండాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, అవసరం వచ్చినప్పుడు ఇదే పెద్దది.

ఆరోగ్య బీమా విషయానికొస్తే, ఉద్యోగం ఇచ్చిన కంపెనీ ఇచ్చేది కాదు, సొంతది, ఉద్యోగం మానేయక ముందే తీసుకోవాలి. పాత జబ్బులకి గరిష్ఠంగా మూడేళ్ల నిరీక్షణ ఉంటుంది, కాబట్టి ఎంత ముందు తీసుకుంటే అంత మంచిది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ ఎత్తేశారు. ఈ పాలసీలు చాలావరకు ఇండియాలోని చికిత్సకే. బయటికి వెళ్లేటప్పుడు ట్రావెల్ బీమా విడిగా, బయలుదేరే ముందే తీసుకోవాలి.

థాయ్‌లాండ్, బాలిలకి వెళ్లే మనవాళ్లు మొదటి రోజే స్కూటర్ అద్దెకి తీసుకుంటారు. ఆ బండి నడపడానికి సరైన లైసెన్సు లేకుండా పడితే క్లెయిమ్ తిరస్కరించే హక్కు బీమా కంపెనీకి ఉంటుంది. వెళ్లే ముందు ఆర్టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. మీ మామూలు లైసెన్సులో గేరు బండి ఉందో లేదో కూడా చూసుకోండి.

మీమీద ఆధారపడ్డవాళ్లుంటే టర్మ్ పాలసీ, అంటే మీరు పోతే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా, తీసుకోండి. స్వయం ఉపాధి వాళ్లని ఐటీఆర్‌లు అడుగుతారు. అందుకే మొదటి ఏడాది నుంచే, పన్ను పడకపోయినా, రిటర్న్ వేయండి.

ఆరో మెట్టు: దాచిన డబ్బుని ఎక్కడ పెట్టాలి

ఇక్కడే మన ఇళ్లల్లో గొడవ మొదలవుతుంది. డబ్బు కాస్త నిలవగానే ఇంట్లో వినిపించే మాట: "ప్లాట్ తీసుకోరా." ప్లాట్ చెడ్డదని అనను. కానీ ఊగే ఆదాయం ఉన్నవాడు పెద్ద ఈఎంఐతో వెంచర్‌లో ప్లాట్ కొంటే, పని లేని మూడు నెలల్లో అది గొంతు మీద కూర్చుంటుంది. అవసరానికి నాలుగు రోజుల్లో అమ్ముడుపోదు. ఇక ప్రీ-లాంచ్ ఆఫర్ అని, ముందే మొత్తం కట్టేస్తే సగం ధరకే అని ఎవరైనా చెబితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ని రెరాలో నమోదు చేయకుండా అమ్మడం చట్టవిరుద్ధం. నంబరు లేకపోతే లేచి వచ్చేయండి, చుట్టాలు మధ్యలో ఉన్నా సరే. చిట్టీ వేయాలంటే రిజిస్టర్ అయినదాంట్లోనే, అదీ నెలవారీ జీతంలోంచి కట్టగలిగినంతే.

నేను ఈ వరసలో పెడతాను. పాత ఉద్యోగం పీఎఫ్ ఉంటే కదిలించొద్దు, అది తీసి బాలి వెళ్లినవాళ్లని చూశాను. తర్వాత పీపీఎఫ్, అంటే ప్రభుత్వం నడిపే దీర్ఘకాల పొదుపు పథకం. ఏడాదికి లక్షన్నర పరిమితి, ఇప్పటి వడ్డీ 7.1 శాతం. అదే రేటు ఉంటే, ఏటా మొదట్లోనే లక్షన్నర కడుతూ పోతే పదిహేనేళ్లకి దాదాపు 40 లక్షల 68 వేలవుతుంది, పన్ను ఉండదు. ప్రవాసి అయ్యాక కొత్తగా తెరవలేరు, ఉన్నదాన్ని గడువుదాకా కొనసాగించొచ్చు. కాబట్టి నివాసిగా ఉండగానే ఒకటి తెరిచిపెట్టుకోండి.

మిగతాది ఇండెక్స్ ఫండ్లలో, అంటే నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లనే కొనే మ్యూచువల్ ఫండ్లలో. ఇంటి ఖర్చు ఖాతా నుంచి చిన్న సిప్ (ప్రతినెలా ఫండ్‌లో వేసే స్థిరమైన మొత్తం), ఐదో పదో వేలు, ఏ నెలా ఆగనంత చిన్నది. పెద్ద మొత్తం మూడు నెలలకోసారి మిగులులోంచి. ఇరవై అయిదు వేల సిప్ పెట్టుకుని రెండు నెలలకే ఆపేయడం కంటే ఇదే ఎక్కువకాలం సాగుతుంది. ఏడాది దాటి ఉంచిన ఈక్విటీ ఫండ్ల లాభంలో ఏటా లక్షా 25 వేల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. బంగారం కొంచెం ఉంటే మంచిదే. పని ఆగిన నెలలో క్రెడిట్ కార్డు వడ్డీ కంటే బంగారం లోన్ వడ్డీ చాలా తక్కువ.

ఏడో మెట్టు: సంపాదనని ఒకే కొమ్మకి వేలాడదీయొద్దు

ఒకే క్లయింట్ నుంచి సగానికి పైగా వస్తుంటే అది ఉద్యోగమే, పీఎఫ్ లేని ఉద్యోగం. ఆ వాటా 40 శాతం దిగేదాకా వారంలో కొన్ని గంటలు కొత్త పని వెతకడానికే పెట్టండి, చేతినిండా పని ఉన్నప్పుడు కూడా. పని లేనప్పుడు వెతికితే వచ్చే రేటు ఎప్పుడూ తక్కువే.

గంటల లెక్కన చేసే పనిని వీలైనంత నెలవారీ రిటైనర్‌గా, అంటే నెలకింత అని ముందే ఒప్పుకున్న మొత్తంగా, మార్చండి. కొత్త క్లయింట్ దగ్గర ముప్పై నుంచి యాభై శాతం అడ్వాన్స్ తీసుకోండి, ఇన్వాయిస్‌లో గడువు తేదీ రాయండి, గడువు దాటిన ఏడో రోజు గుర్తుచేసే మెయిల్ పంపండి. అడగడానికి మొహమాటపడేవాళ్లకే అందరికంటే ఆలస్యంగా డబ్బు వస్తుంది. రేటు ఏటా పెంచండి, పాత క్లయింట్లకి రెండు నెలల ముందే చెప్పి.

మామూలు రాత పనులు, చిన్న డిజైన్లు, సాదా కోడ్ ఇప్పుడు ఏఐతో క్షణాల్లో అయిపోతున్నాయి. వాటి రేట్లు పడిపోయాయి. క్లయింట్ వ్యాపారం అర్థం చేసుకుని "ఇది చేయకండి, అది చేయండి" అని చెప్పగలిగేవాళ్లకి మాత్రం ఇంకా గిరాకీ ఉంది. ఏడాదికి మీ వసూళ్లలో మూడు నాలుగు శాతం నేర్చుకోవడానికి కేటాయించండి, పన్ను ఖాతాలోంచే.

ఎనిమిదో మెట్టు: తిరగడంలో వేగం తగ్గించండి

వారానికో ఊరు మారితే ఖర్చు రెట్టింపు, పని సగం. రెండు మూడు నెలలు ఒకేచోట ఉంటే అద్దె తగ్గిస్తారు, వంట చేసుకోవచ్చు, నెట్ ఎక్కడ బాగుంటుందో తెలుస్తుంది. కాలం చూసుకుని వెళ్లండి. గోవాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, అద్దెలు దిగుతాయి, పనికి అంతకంటే మంచి కాలం లేదు. చియాంగ్‌మైలో ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు తగలబెట్టిన పొగ కమ్ముకుంటుంది, చవకగా దొరికిందని ఆ నెలల్లో వెళ్లొద్దు. మన ఎండాకాలంలో హిమాచల్‌లోని బీర్ బిల్లింగ్ వైపు వెళ్తే ఏసీ బిల్లు కూడా మిగులుతుంది. విదేశాల్లో కార్డు గీకినప్పుడు "రూపాయల్లో కట్టాలా" అని మిషన్ అడిగితే వద్దని, స్థానిక కరెన్సీలోనే కట్టండి. రూపాయలు ఎంచుకుంటే వాళ్ల రేటు పడుతుంది.

ఏటా ఏప్రిల్ మొదటి వారంలో ఒక రోజు ఊళ్లో కూర్చుని ఈ పనులు చేయండి: గత ఏడాది వసూళ్ల సగటు తీసి కొత్త జీతం తేల్చడం, ఎల్‌యూటీ పెట్టడం, పీపీఎఫ్‌లో ఏప్రిల్ 5 లోగా డబ్బు వేయడం (ఆ తేదీ దాటితే ఆ నెల వడ్డీ పోతుంది), బీమా గడువులు చూడటం, నామినీ పేర్లు సరిచూడటం, రాబోయే ఏడాది ఏ దేశంలో ఎన్ని రోజులో షీట్‌లో రాయడం. పాస్‌వర్డులు, పాలసీ నంబర్లు, సీఏ ఫోన్ నంబరు ఉన్న ఒక కాగితం ఇంట్లో నమ్మకమైన ఒకరి దగ్గర ఉంచండి. మీరు దూరాన ఎక్కడో ఆసుపత్రిలో ఉంటే ఇక్కడ బిల్లులు ఎవరు కట్టాలో వాళ్లకి తెలియాలి.